తెలిసినవారి నంబరు

ఉండి సెంటర్లో, మేత బస్తాల లారీ పక్కన
నా గొడుగూ, నా స్టూలూ, వేలిముద్రల మిషనూ.
తల వంచుకుని గొడుగు కిందకి వచ్చాడతను.
రొయ్యపిల్లల డాక్టరట, వియత్నాం నుంచి.
ఆధార్ లేని వేలు కదండీ, మిషను మూసేశాను.
పాస్‌పోర్టు నిండా నేనెరగని చుక్కలూ కొమ్ములూ.
పేరు హ్వాన్. మూడుసార్లు తప్పు పలికాను,
నాలుగోసారికి అతనే సర్దుకున్నాడు.

తెల్లగుడ్డ ముందు నిలబెట్టి
"రెప్ప కొట్టాలండి" అని కొట్టి చూపించాను.
ఎదురెదురుగా ఇద్దరం రెప్పలు కొట్టుకుంటుంటే
కిళ్ళీకొట్టు నూకరాజుకి సోడా పొలమారింది.

ఇంటి నంబరు?
చెరువు గట్టు మీద మోటారు షెడ్డు.
దగ్గరి గుర్తు?
ఇంకో చెరువు.
ఈ ఊళ్ళో తెలిసినవారి నంబరు?
అతను లారీ వైపు చూశాడు, ఎవరూ దిగలేదు.
నా నంబరే కొట్టాను.
ఓటీపీ నా చొక్కాజేబులోనే మోగింది.

సిమ్ము సాయంత్రానికి గానీ లేవదు,
లేచినా వీసా ఉన్నన్నాళ్ళే.
అందాకా బల్ల మీద ఒలికిన సోడాతో
ఒక ఏరు గీశాడు, తొమ్మిది చీలికలు,
చివర వేలు నొక్కి, అక్కడ తనిల్లన్నాడు.
పక్కనే నేను గోదారి గీశాను.
ఏడు పాయలంటారు గానీ
నాకు గుర్తొచ్చినవి మూడే.

దీపాల వేళకి సిగ్నలొచ్చింది.
మొదటి ఫోను నాకే చేశాడు.
మూడడుగుల దూరంలో నిలబడి "హలో" అన్నాడు.
నేనూ అన్నాను.
తర్వాతేం మాట్లాడాలో తెలీక
"ఏరియేటర్లు తిరుగుతున్నాయాండీ?" అన్నాను.
తలూపాడు, ఫోన్లో వినపడదని మరిచిపోయి.