చెవి రాయి

సరస్సును తోడేసే ముందు
అందులో చేపల్ని లెక్కపెట్టాలట, చట్టం.
అందుకే మమ్మల్ని పిలిచారు,
నన్నూ, మా మేనత్త యులాలీనీ,
ఊళ్ళో ఇంకో పన్నెండుమందినీ.
గంటకింతని కూలి. రబ్బరు బూట్లు,
నారింజరంగు చొక్కాలు వాళ్ళవి.
చలి మాది.

చెట్లు ఆగిపోయే గీత దాటి చాలా దూరం.
కంపెనీ పటంలో ఈ సరస్సు ఒక నంబరు.
మా త్లిచో మాటలో
గాలి తన వల ఆరేసుకునే చోటు.
ఒప్పందం రోజున ఆ పేరు రాయబోతే
కాగితం మీద గడి చాల్లేదు.

మొదట వచ్చింది ఒక్కడేనట.
యులాలీకి అప్పుడు ముప్పై.
దోమతెర టోపీ, భుజాన సంచీ,
ఇసుకదిబ్బ వెంట వంగి వంగి
ఆవగింజలంత ఎర్రరాళ్ళు ఏరేవాడు.
ఏం పారేసుకున్నాడో పాపమని
తాత నార్సిస్ టీ కాచి ఇచ్చాడు,
ఎండుచేప పెట్టాడు.
అతనేం పారేసుకోలేదు.
మరుసటి చలికాలానికి
ఆకాశం నిండా హెలికాప్టర్లు,
మంచు నిండా కొయ్యమేకులు,
మేకు మేకుకీ ఎవరెవరివో పేర్లు.

తర్వాత గడ్డకట్టిన సరస్సుల మీదుగా రోడ్డు పడింది,
ఏడాదికి ఎనిమిది వారాలే బతికే రోడ్డు.
లారీ తొందరపడితే
కింద నీళ్ళు అలగా లేచి
ముందున్న మంచును పగలగొడతాయి.
తమ్ముడు బాసిల్ దానిమీద డీజిలు తోలతాడు,
బెల్టు పెట్టుకోడు.
అమ్మకి పళ్ళు కట్టించాడు,
ఇంటికి కొత్త పొయ్యి తెచ్చాడు.
ఇవీ చెప్పాలి,
చెప్పకపోతే మిగతాదంతా అబద్ధమైపోతుంది.
కారిబూలు మాత్రం రోడ్డుదాకా వచ్చి
దుమ్ము వాసన చూసి
చాలాసేపు నిలబడి
వెనక్కి తిరిగిపోతున్నాయి.

వల లాగుతాం.
ట్రౌట్ చేపని తూచి, కొలిచి,
పొట్ట చీల్చి, ఏం తిందో రాసి,
ఆఖర్న తల చీల్చాలి.
పట్టకారుతో చెవి రాయి తీయాలి.
చేప చెవిలో రాయుంటుందని
ఇరవయ్యేడేళ్ళొచ్చేదాకా నాకు తెలీదు.
బియ్యపు నూకంత, పాలతెలుపు.
కోసి భూతద్దం కింద పెడితే
ఏడాదికో వలయం.
ల్యాబుపిల్ల మారెన్ ఒక కన్ను మూసి
పెదాలు కదుపుతూ లెక్కపెట్టి
"నలభై" అంది.
"నా పెళ్ళినాటిది," అంది యులాలీ.
కత్తి దించింది.
మళ్ళీ ఎత్తడానికి చాలాసేపు పట్టింది.
పట్టలేదేమో, నాకలా గుర్తుంది.

భోజనాల దగ్గర మేస్త్రీ క్లెమ్‌ని అడిగింది:
"మీ రాయికి వయసెంత?"
"మూడొందల కోట్ల ఏళ్ళు."
"వలయాలు లెక్కపెట్టారా?"
"వజ్రంలో వలయాలుండవమ్మా."
యులాలీ రొట్టె తుంచి
సూపులో ముంచి
నిదానంగా నమిలింది.
"అయితే అది
ఒక్క చలికాలం కూడా చూడలేదన్నమాట."

పదమూడోరోజు వల ఖాళీగా వచ్చింది.
ఇంకోసారి వేయమన్నారు, వేశాం.
మళ్ళీ ఖాళీ.
ఆ సాయంత్రమే పంపులు మొదలయ్యాయి.

ఇంటికెళ్ళే రోజు గేటు దగ్గర సోదా.
బూట్లు విప్పించారు, జడ విప్పించారు,
నాలుక ఎత్తమన్నారు.
చేతితొడుగు దులిపితే నేలమీద పడింది
తెల్లగా, నూకంత.
కాపలావాడు వేలికొసతో అద్ది తీసి
దీపం కింద తిప్పి చూశాడు.
"ఏంటిది?"
"చేపది."
తిరిగి ఇచ్చేశాడు.

విమానంలో యులాలీ అరచేతిలో పెట్టాను.
ఆవిడ దానివైపు చూడలేదు,
చెవికి ఆనించుకుంది.
ఏం వినిపిస్తోందో అడుగుదామనుకున్నా.
ఇంజను మోత.
కిటికీ కింద సరస్సు అంచు చుట్టూ
తడి నల్లమట్టి
ఒక వలయం.