జానెడు చుట్టిల్లు

అంబాజీపేట కొబ్బరి పీచు,
పళ్లు ఊడిన దువ్వెన, జిగురు సీసా.
పీచు దువ్వి, టీ డికాషన్‌లో నానేసి
చూరు నుంచి కొప్పుకి
వరస మీద వరస అంటిస్తున్నాను.

ఒకప్పుడు ఊరందరి కప్పులూ నేసిన చిట్టబ్బాయి
ఓ కన్ను మూసి చూశాడు.
"కొత్తగా ఉంది. ఎవరూ కాపురం లేరిందులో."

తూర్పు వాలున కాస్త పీకాడు, గాలివానకని.
పొయ్యి ఉండే చోట మసి రుద్దాడు.
"చూరు దించు.
తల వంచకుండా ఎవరెళ్లారు లోపలికి?"

తిన్నింటి వాసాలు లెక్కపెట్టకూడదంటారు గానీ
గోటితో మీటుతూ లెక్కపెట్టాడు.
ఇరవై మూడు అగ్గిపుల్లలు.

ఒకటి లాగేశాడు.

"వరదప్పుడు మీ అమ్మమ్మ
దీన్ని పొయ్యిలో పెట్టి గంజి కాసింది.
నాకూ ఓ గళాసు పోసింది."