జాతి అనే గడి

పశువుల ఆసుపత్రిలో చీటీలు రాసేది నేనే.
పేరు, వయసు, జాతి: మూడు గళ్లు.

మైలపిల్లి నూకాలు చిరిగిన వలముక్కలో చుట్టి తెచ్చింది
తెల్లపిల్లిని. తోక చివర లంగరు తుప్పు రంగు,
ఒక కన్ను నీలం, ఒకటి తేనె.
"టర్కీ ఓడమీంచి దూకీసింది బాబూ,
ఈదుకుంటూ మా పడవెక్కీసి
బుట్టెడు కవళ్లు తినీసింది."

డాక్టరు గారు చెవులు చూశారు, బొచ్చు ఎదురు నిమిరారు.
"అనటోలీ" అన్నారు,
చాలాకాలానికి కలిసినవాణ్ణి పిలిచినట్టు.
ఆ దేశంలో కొట్టాల్లో, రేవుల్లో
ఎన్ని తరాలు ఎలకలు పట్టాయో ఇవి.
పొడుగుబొచ్చు అక్కకి ముందే పతకాలు.
పొట్టిబొచ్చుది వీధిపిల్లి.
మొన్నమొన్ననే ఎవరో బల్ల చుట్టూ కూర్చుని
ఇదీ ఒక జాతేనని సంతకాలు పెట్టారట.

నూకాలు నవ్వింది, పొలుసులంటిన చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుని:
"సంతకం పెట్టకముందు
ఇది మరేటి బాబూ, కుక్కా?"

నా కలం గడి దగ్గరే ఆగింది.
తహసీల్దారు వరండాలో ఇలాంటి గడి కోసమే
మా అయ్య ఆరు సోమవారాలు నిలబడ్డాడు,
చెప్పులు గుమ్మం బయట విడిచి.
ఏడోవారం కాగితం ఇచ్చారు.
మడతపెట్టి జేబులో పెట్టుకుని
ఆ మధ్యాహ్నం కూడా మూటలే మోశాడు.

రాశాను. అక్షరాలు కొంచెం వంకర.

పిల్లి అప్పటికే బల్ల దిగి
నేల తుడిచే బకెట్లో ముందుకాళ్లు ముంచి
చేప కోసం వెతుకుతోంది.
"ఒలే, రా" అంది నూకాలు.
ఆ పేరుకి వెంటనే తిరిగింది.