చప్పుడు చాటు

అక్టోబరు. కౌన్సిల్ నోటీసు ఫ్రిజ్ తలుపు మీద:
ఎండలు ముదిరేలోగా గడ్డి కొట్టాలి, లేదంటే జరిమానా.
బెండిగో శివారులో మా ముప్పావు ఎకరం
మోకాలెత్తు లేచి నిలబడింది.
మోవరు ఆ శనివారమే చూసుకుని
రెండుసార్లు దగ్గి, నల్లగా ఒక పొగ వదిలి
ఇక నా వల్ల కాదంది.

పక్కింటి క్లారీ ట్రెవాస్కిస్ కంచె సందులోంచి వచ్చాడు.
ట్రామ్ షెడ్డులో ముప్పై ఒక్క ఏళ్ళు
మోటార్లు విప్పి బిగించిన చేతులు.
వంగాడు, వాసన చూశాడు.
"పిస్టన్ పట్టేసింది మ్యాండీ. ఇంజన్ని పాతిపెట్టు.
చట్రం మంచిదే. కరెంటు పెడదాం."
(మందాకిని ఆయన నోట్లో ఎన్నడూ పూర్తి కాలేదు.)

నాలుగు బోల్టులు. మూడు మాట విన్నాయి.
నాలుగోది మొండిఘటం.
నూనె తాగింది, మంట కాచుకుంది,
ఆదివారం పొద్దుగూకాక గానీ కదల్లేదు.
కార్‌పోర్టు దూలానికి తాడేసి ఇంజన్ని పైకి లేపితే
గాల్లో మెల్లగా ఒక చుట్టు తిరిగి
నా బూట్ల మీద చివరి చెంచాడు నూనె కార్చింది.
అది కూర్చున్న చోట, చట్రంలోంచి,
నేల కనిపించింది. దాని మీద చీమలబారు.

ఎచూకాలో ఎవరిదో పాత ఫోర్క్‌లిఫ్ట్ మోటారు,
ఎనభై డాలర్లు.
దాని షాఫ్టు లావు, మన పుల్లీ సన్నం.
గంతకు తగ్గ బొంత దొరికేసరికి మూడు వారాంతాలు.
అల్యూమినియం పలక నేనే కోశాను.
మొదటిది అరంగుళం తప్పు.
రెండోది సరిపోయింది,
సరిపోయిందనే ఇద్దరం అనుకున్నాం.

బ్యాటరీలు నాలుగూ వరసగా కలిపేముందు
క్లారీ వేలికి సబ్బు రాసుకుని
పెళ్ళి ఉంగరం లాగాడు.
"ఇత్తడి, బంగారం దానికి ఒకటే. కరిస్తే వదలదు."
ఉంగరం ఉన్నచోట వేలు పసిపిల్లాడిదిలా తెల్లగా ఉంది.
నేను గాజులు తీశాను, నల్లపూసలు తీశాను.
వెజిమైట్ సీసా మూతలో అవన్నీ
రైలుపెట్టెలో ఎదురెదురు సీట్ల వాళ్ళలా
సర్దుకుని కూర్చున్నాయి.

స్విచ్ వేశాను. ఎడ్డెమంటే తెడ్డెమంది.
ముందుకంటే వెనక్కి నడిచింది.
బ్లేడు తిరగబడి తిరుగుతూ
గడ్డిని కోయకుండా దువ్వింది.
క్లారీ నవ్వలేక బోర్లించిన బకెట్ మీద కూలబడ్డాడు.
ఫీల్డు తీగలు రెండూ అటుదిటు చేశాం.

ఈసారి కదిలింది, చడీ చప్పుడూ లేకుండా.
బెల్టు సన్నగా గునుస్తోంది.
పసుపుపూల కలుపుకాడలు విరగడం వినపడుతోంది,
పిట్‌మనీ, పిట్‌మనీ.
యూకలిప్టస్ మీది మ్యాగ్‌పై నన్ను తన్నబోయి
ఏ చప్పుడు మీద కోప్పడాలో తెలీక ఆగింది.

ఇక్కడ ఒకటి చెప్పాలి.
పదకొండేళ్ళు ఆ ఇంజన్ నాకు చాటు.
దాని వెనక నేను మా ల్యాబ్ సూపర్‌వైజరుని
ఇంటిపేరుతో సహా అచ్చతెలుగులో కడిగేదాన్ని.
ఫోన్లో నవ్వుతూ మాట్లాడిన ఆడపడుచుకి
అసలు జవాబు అక్కడే చెప్పేదాన్ని.
అన్నీ అయ్యాక పాడేదాన్ని.
గొంతెత్తి, శ్రుతి గిట్టనంత గట్టిగా.

అలవాటు. మూడో వరస తిరుగుతూ మొదలుపెట్టేశాను.
రేకుల షెడ్డుకి తగిలి ఎవరిదో గొంతు తిరిగొచ్చింది,
కాస్త జీరగా, మా పెద్దత్త గొంతులా.
తలెత్తాను.
కంచె దగ్గర క్లారీ, చేతిలో టీ కప్పు.
పక్కన నోరీన్, చేతిలో బట్టల క్లిప్పులు.
రోడ్డవతల సైకిలు కుర్రాడు, ఒక కాలు నేల మీద.

పెడలు మీంచి కాలు తీశాను.
వీధి వీధంతా నిశ్శబ్దం.
"ఆపావేం?" అన్నాడు క్లారీ. "ఛార్జి ఇంకా సగముంది."

మళ్ళీ అందుకున్నాను, కొంచెం చిన్నగా.
నిమ్మచెట్టు దాకా బాగానే వచ్చాం, నేనూ బండీ.
అక్కడ పాటలో రెండో చరణం.
అది నాకు రాదు, ఎప్పుడూ రాలేదు.
ఇంజన్ ఉన్నన్నాళ్ళూ ఆ చోట
నానానా అని దాటేసేదాన్ని.
ఎవరికీ తెలిసేది కాదు.