చెయ్యి దాటకముందే

మంగళవారం, ఏడున్నర.
వాల్పరైసో కొండల మీద పొగమంచు ఇంకా లేవలేదు.
బల్ల మీద ఒక చెయ్యి ఉంది,
మనిషి లేడు.
భుజం నుంచి మణికట్టు దాకా
నీలం పెన్సిలుతో నేను గీసిన ఎడమ చెయ్యి.

గుండె డాక్టరు ఇతుర్రియాగ నిలబడే మాట్లాడతాడు:
పేస్‌మేకర్ ఎడమవైపే, నాకు అలవాటైన దారి అది.
పాదం పుండు చూసే కుర్ర డాక్టరుకి
ఆరు వారాల మందు ఎక్కించడానికి పొడుగాటి గొట్టం కావాలి,
మోచేతి మడత దగ్గరైతే సులువంటాడు.
సర్జన్ సెపుల్వెద కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టింది:
మీరిద్దరూ నడిచాక ఆ దారిలో
నేను ధమనిని తెచ్చి సిరకి కలిపి ఏం లాభం?
దిగువన పూడిన కాలవకి ఎగువన తూము ఎత్తినట్టు.
చెయ్యంతా ముంపే.

కిడ్నీ డాక్టరు రెబొయేదో ఏమీ అనలేదు.
కాగితం మీద పద్నాలుగు అనే అంకె చుట్టూ
సున్నాలు చుడుతూ కూర్చున్నాడు.
పద్నాలుగు శాతం. పోయినేడు ఇరవై రెండు.

తలో చెయ్యీ వేస్తున్నాం,
అందరం ఆ ఒక్క చేతి మీదే.

ఆ చెయ్యి ఎలియోదోరో మార్దోనెస్‌ది.
కొండెక్కే పెట్టెబండికి ముప్పై ఒక్కేళ్లు బ్రేకు పట్టినవాడు.
ఒక పెట్టె పైకొస్తుంటే ఇంకోటి కిందికి,
రెంటికీ ఒకటే ఇనపతాడు.
కుడిచేత్తో లివరు, ఎడంచేత్తో టీ కప్పు.

"ఒంట్లో బాగానే ఉంది కదా,
కోత ఇప్పుడే ఎందుకమ్మా?" అన్నాడు మొదటిరోజు.
మీ తాడు తెగాక కొత్తది తెప్పిస్తారా అన్నాను.
నవ్వలేదు.
ప్రతి సోమవారం తాడుని పాత గుడ్డతో తడుముతామన్నాడు,
అంగుళం అంగుళం.
ఒక్క పోగు లేచినా గుడ్డకి తగులుకుంటుందట
కంటికి కనపడకముందే.

ఆయన చేతిని నేనూ అలాగే తడిమాను.
చల్లటి జెల్లు, అల్ట్రాసౌండ్ తెర మీద నల్లటి గుండ్రాలు.
మోచేతి పైన మూడున్నర మిల్లీమీటర్లు,
నొక్కితే మెత్తగా అణుగుతోంది.
మణికట్టు దగ్గర గుండ్రం లేదు.
ఎండిన చిక్కుడు తీగలా గట్టిగా, లోపల నెత్తురు లేకుండా.
పైన చర్మం మీద తెల్లటి చుక్కలు మూడు.

పాత కేసు కాగితాలు తిప్పాను.
నాలుగేళ్ల కిందట. నిమోనియా, రాత్రి డ్యూటీ, పన్నెండో మంచం.
మూడుసార్లు గుచ్చినట్టు రాసి కింద సంతకం,
నాదే.
ఆయన మొహం నాకు గుర్తు లేదు.
ఆ మసక వెలుతురులో తేలిగ్గా దొరికే సిర అదే అయ్యుంటుంది.
దానికి ముందు ముందు పనుందని
ఎవరూ నాతో అనలేదు.
నేనూ అడగలేదు.

అందుకే ఈ నీలం పెన్సిలు.
అందుకే నలుగురినీ ఒకే గదిలోకి లాక్కొచ్చి కూర్చోబెట్టడం,
కాఫీ నా డబ్బుతో తెప్పించడం.

తేలింది ఇంతే:
గొట్టం మెడ దగ్గర, సన్నది.
ధమనీ సిరా కలిసేది మోచేతి పైన.
పేస్‌మేకర్లలో తీగలు లేనిదొకటి ఉందట, ఖరీదు.
దరఖాస్తు రాస్తానని ఇతుర్రియాగ
వాచీ చూసుకుంటూ వెళ్లిపోయాడు.
రాశాడో లేదో గురువారం మళ్లీ అడగాలి.

కోత అయ్యాక ఏడో వారం.
ఎలియోదోరో చొక్కా చెయ్యి మడిచి
నా రెండు వేళ్లు తీసుకుని మచ్చ మీద పెట్టుకున్నాడు.
చర్మం కింద గుర్రుమంటూ సన్నటి వణుకు.
"మా పైగదిలో మోటారు చప్పుడే ఇది," అన్నాడు.
"ఓర్తెన్సియా ఇప్పుడు మంచానికి ఆ పక్కకి మారింది,
నిద్ర పట్టడం లేదట."
డయాలిసిస్ ఇంకా మొదలవలేదు. అంకె పన్నెండు.

అంతలో ల్యాబు కుర్రాడు రబ్బరు పట్టీతో వచ్చి
దగ్గరగా ఉన్న చెయ్యే అందుకోబోయాడు.
నేను నోరు తెరిచేలోపే
ఎలియోదోరో దాన్ని వీపు వెనక దాచేశాడు.
"ఇది కాదు నాయనా,
దీనికి ముందు ముందు పనుంది."