వెయిటింగు నాలుగు

నెయ్యి డబ్బాలో చీటీలు వేసి కదిపారు.
డబ్బా మీద ఆవు నవ్వుతూనే ఉంది.
ఎల్‌కేజీకి పన్నెండు సీట్లు,
హాలు నిండా అమ్మానాన్నలు,
ఫ్యాను కింద చోటు దొరికినవాళ్ళకు కూడా చెమటలే.
గౌనేసుకున్న పిల్ల ఒకతె కళ్ళు మూసుకుని చెయ్యి పెట్టేది.
ఆ చిన్న చేతిని చూస్తూ
మా పెనుకొండ మాటల్లో మొక్కుకున్నాను.
కన్నడలో మొక్కాల్సిందేమో.

పన్నెండూ అయిపోయాక ఇంకో పది తీశారు.
మోక్షిత, వెయిటింగు నాలుగు.
మూడు, శరణమ్మ కొడుకు బసు.
మా వరండాలోనే, సంపు పక్క గది వాళ్ళది.
ఇద్దరం ఒకే ఆటోలో తిరిగొచ్చాం,
హొంగసంద్ర దాకా చార్జీ చెరిసగం.
"మూడు, నాలుగు పక్కపక్కనే కదక్కా" అంది
తన గుల్బర్గా కన్నడలో,
"ఒకే బెంచీ మీద కూర్చుంటారు."

ఏప్రిల్ అంతా లెక్కలే.
ఎవరైనా ఇల్లు ఖాళీ చేస్తే బాగుండు,
ఎవరికో మైసూరుకు ట్రాన్స్‌ఫరైతే బాగుండు,
ఎవరి బిడ్డకో ఇంతకంటే పెద్ద బడిలో వస్తే...
అక్కడిదాకా పాపం లేదు.
రాత్రి, కుట్టుమిషను చప్పుడు చెవిని వదలని వేళ,
లెక్క ఇంకా కిందికి దిగేది.
ఎవరికైనా జ్వరమొచ్చి
చెంపలేసుకుని గోడవైపు తిరిగేదాన్ని.

మేలో ఒకటి కదిలింది. రెండు కదిలింది.
ఆ కబురు శరణమ్మే తెచ్చింది, చేతిలో బెల్లం ముక్కతో.
పిల్లలిద్దరూ ట్యాంకరు పైపు మీద కూర్చుని
బడి ఆట ఆడేవాళ్ళు.
వాడు టీచరు.
ఇది ఎప్పుడూ లేటు.

జూన్ మొదటి మంగళవారం తలుపు తట్టింది.
ఫోనుకు రీచార్జి అయిపోయింది,
రెండు వందలుంటే సర్దమంది,
మేస్త్రీ శనివారం ఇస్తాడంది.
జీతం పడలేదన్నాను.
పడింది. సోమవారమే పడింది.
నంబరు గుర్తొచ్చి అన్నానా?
కాదు, ఫీజుకు దాచిన డబ్బది.
అట్లనే చెప్పుకుంటాను, నాకు నేను.

గురువారం.
కాలర్ల లైనులో గంటకు నూటిరవై టార్గెట్టు, ఫోన్లు లాకర్లో.
మధ్యాహ్నం క్యారియరు తెరవకముందే చూస్తే
బడి నుంచి రెండు మిస్డ్ కాల్స్.
"మూడో నంబరుకు పొద్దుట్నించీ చేస్తున్నాం, కలవడం లేదు.
నాలుగ్గంటల్లోపు మీరు రాకపోతే ఐదుకు పోతాం."

సూపర్‌వైజరు అరపూట కోత రాసుకున్నాడు.
ఆఫీసు గదిలో గడియారం మూడూ పది.
శరణమ్మ సైటు బేగూరు రోడ్డులో,
ఆటోలో పోను ఇరవై, రాను ఇరవై,
ఏడో అంతస్తు నుంచి ఇసుక తట్ట దించి రావడానికి ఐదు.
వేశాను, లెక్క వేశాను.
ఐదు నిమిషాలు మిగిలాయి కూడా.

"ఈ మూడోవాళ్ళ అడ్రసూ మీ వీధే, తెలుసా?"
అడిగింది గుమస్తా, కళ్ళజోడు పైకి తోస్తూ.
ఈ ఊరొచ్చి పదకొండేళ్ళు.
కన్నడలో కూరగాయలు బేరమాడతాను, కన్నడలో కొట్లాడతాను,
కన్నడలోనే ప్రసవం నొప్పులకు అరిచాను.
"కన్నడ రాదు మేడం" అన్నాను
తెలుగులో.

సంతకం పెట్టాను.

"బసుది ఏ బెంచీ?" అంది మోక్షిత రాత్రి.
పాల ప్యాకెట్టు తెస్తానని కిందికి దిగాను.
సందు చివర ఫోన్ల కొట్టు.
అద్దం మీద రెండు వందలు పెట్టి
వేళ్ళు తీయకుండా నిలబడ్డాను.
"రీచార్జా? నంబరు చెప్పక్కా" అన్నాడు కొట్టు పిల్లోడు.

"మూడు" అన్నాను.

తక్కిన తొమ్మిదంకెల కోసం
వాడు వేలెత్తి పట్టుకుని
ఎదురుచూస్తున్నాడు.