తొమ్మిదో కొంగ

టేపులో ఏడు కొంగలే.
ఎన్నిసార్లు లెక్కపెట్టినా ఏడే.
మంత్రగాడు మాత్రం కోట బురుజెక్కి
గొంతు చించుకుని అంటాడు:
తొమ్మిదిమంది అక్కచెల్లెళ్ళూ కొంగలైపోండి!
అప్పుడు నాకు ఏడేళ్ళు, లెక్క తేలకపోతే నిద్రపట్టని వయసు.
మిగతా ఇద్దరూ ఏరీ అని అడిగితే
కింది వాటా మైమత్త లేచొచ్చి
టీవీకి ఎడంపక్క గోడకాగితం మీద వేలు ఆనించి
"ఇదిగో, నేనిక్కడున్నా" అనేది.

టార్టు ఊళ్ళో, కార్లోవా పేటలో, చెక్క ఇల్లు.
గోడ నిండా నీలం పువ్వులు.
ఒక్క పువ్వు నడుమ జిడ్డు మరక.
అదే తొమ్మిదో కొంగ.
ఆవిడ మొగుడు ఎండెల్ వచ్చిన వాళ్ళందరికీ చెప్పేవాడు:
"మా ఆవిడ సినిమాలో వేసింది,
సినిమాకి కాస్త అవతల."

ఇప్పుడు నా దగ్గర ఆ సినిమావి ఐదు ప్రతులు.
నోటుపుస్తకంలో గళ్ళు గీసి రాసుకున్నాను,
నవ్వేవాళ్ళు నవ్వనీ.

మొదటిది టేపు.
వెడల్పాటి తెరను టీవీ పెట్టెలో కూరడానికి
ఎవడో రెండు పక్కలా చెక్కేశాడు,
రొట్టె అంచులు తినని పిల్లాడిలాగ.
రాత్రి సీన్లన్నీ బొగ్గు. కోట గోడ ఊదా.
నలభయ్యో నిమిషంలో, అమ్మ బటన్ ఆలస్యంగా నొక్కడం వల్ల,
నాలుగు సెకన్లు వాతావరణం: రేపు మంచు కురుస్తుంది.
కొంగల మీద వెలుగు పడినప్పుడల్లా
సన్నగా, వెంట్రుకల్లా, తీగలు.

రెండోది హెల్సింకిలో కొన్న డిస్కు.
అందరి మొహాలకీ ఆకుపచ్చ జ్వరం.
కొంగలు ఎనిమిదిన్నర.
ఆ అర కొంగకి రెక్క ఉంది, మొహం లేదు.
అర్ధరాత్రని కూడా చూడకుండా ఫోన్ చేశాను.
"రెక్క నాదే" అంది మైమత్త నిద్రగొంతుతో,
"ఈకలు పిండి జిగురుతో అంటించారు,
సగం ఎలుకలు తినేశాయి. పడుకో."

మూడోది, నాలుగోది చెప్పుకోదగ్గవి కావు.
సరుకు అదే, అట్ట మారింది.
నాలుగోదానికి పెట్టిన డబ్బు తలుచుకుంటే ఇప్పటికీ మంట.

ఐదోది మొన్న నవంబరులో.
నెగటివు కడిగి, ఒక్కో ఫ్రేమూ
పెళ్ళికూతుర్ని ముస్తాబు చేసినట్టు తుడిచి తుడిచి.
కోట గోడ ఊదా కాదట, బూడిద రంగట.
ముప్ఫయ్యేళ్ళు నేను ప్రేమించిన ఊదా
టేపు చేసిన తప్పట.
కొంగలు తొమ్మిది.

కొత్త టీవీ, డిస్కు, పాత టేపు మిషను
కిందికి మోసుకెళ్ళాను.
గోడకి ఆనించి పెడితే
నీలం పువ్వు, మరకా దాని వెనక్కి వెళ్ళిపోయాయి.
ఎండెల్ పోయి ఆరేళ్ళు. కుర్చీలో పిల్లి ఉంది.

ఆపాను, ఆ ఫ్రేము దగ్గర.
పదేళ్ళ పిల్ల, కారుతున్న ముక్కు,
నాలిక కొస పళ్ళ మధ్య.
మైమత్త చాలాసేపు చూసింది.
ఏడుస్తుందనుకున్నాను.

"తీగ ఏదీ?"

తుడిచేశారు అత్తా, అన్నాను. కొత్త ప్రతిలో అన్నీ తుడిచేశారు.

"నడుముకి తోలుపట్టీ.
పైన ఇద్దరు మగాళ్ళు సిగరెట్లు తాగుతూ లాగేవాళ్ళు.
వారం రోజులు బోర్లా పడుకున్నాను.
ఇప్పుడు చూస్తే,
ఊరికే ఎగిరినట్టుంది కదరా."

దీన్ని ఏ గడిలో రాయాలో తోచక
పెన్ను మూత పెట్టేశాను.

"టేపు పెట్టు" అంది.

పెట్టాను. వెడల్పు తెర నడుమ
పాత బొమ్మ చిన్న కిటికీలా వెలిగింది,
అటూ ఇటూ నల్లటి పట్టీలు.
ఊదా కోట. గరగర. ఏడు కొంగలు. ఏడు తీగలు.
మైమత్త లేచి
ఎడం పట్టీ మీద, నలుపులో, వేలు ఆనించింది.

టీవీ వెనక్కి తెచ్చుకున్నాను.
గాజు మీద ఆ మరక అలాగే ఉంది.